అరిగిన కొద్దీ లేచే కొండ

(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ వేదిక మీద మనం ఏటా మాట్లాడుకునేవి మూడే విషయాలు. కరువు భత్యం బకాయిలు, వైద్య ఖర్చుల బిల్లులు, లైఫ్ సర్టిఫికెట్. వాటి గురించి నాకంటే బాగా చెప్పగలవారు ఇక్కడ చాలామంది ఉన్నారు. కార్యదర్శిగారు నన్ను పిలిచి, "ఈసారి పిల్లలు కూడా వస్తున్నారు, మీరు వేరే ఏదైనా చెప్పండి" అన్నారు. అంచేత కొండల గురించి నాలుగు మాటలు చెప్పుకుందామని వచ్చాను. నేను ఇంజనీరును కాను, భూగర్భ శాస్త్రం చదివినవాణ్నీ కాను. నీటిపారుదల శాఖలో ముప్పై ఆరేళ్లు లెక్కల విభాగంలో పద్దులు రాసి 2010లో రిటైరైన వాణ్ని. కొండను కూడా పద్దుగానే చూశాను. తప్పులుంటే పెద్దలు దిద్దాలని మనవి.

మొదట ఒక రాయి సంగతి చెబుతాను.

1976 వానాకాలంలో మేము వన్‌టౌన్‌లో కొండవార ఒక అద్దె ఇంట్లో ఉండేవాళ్లం. ఇంటివారు వెనకవైపు వంటగది కట్టడానికని కొండ వాలును నిలువునా చెక్కించారు. అద్దె తక్కువ, ఆఫీసు దగ్గర. ఆ చెక్కుడు చూసి కూడా నేను చూడనట్టే ఊరుకున్నాను. మూడు రోజులు ముసురు పట్టింది. మూడో రోజు తెల్లవారుజామున పెద్ద చప్పుడైంది. వెనక గోడను పడగొట్టుకుని ఒక బండ వంటగదిలోకి వచ్చి కూర్చుంది. అంతకు రెండు నిమిషాల ముందే పాలవాడు కేకేస్తే మా ఆవిడ గిన్నె పట్టుకుని వీధిలోకి వెళ్లింది. వెళ్లి ఉండకపోతే ఏమయ్యేదో నేను చెప్పనక్కర్లేదు. పొయ్యి ఉన్న చోట బండ ఉంది.

ఆ బండను పగలగొట్టించి బయటికి మోయించాం. అందులో ఒక ముక్క దాచుకున్నాను. ఇదిగో, ఈ సంచిలో తెచ్చాను.

మా ఆఫీసులో అప్పట్లో ఒక సూపర్‌వైజరుగారు ఉండేవారు. బ్యారేజీ పునాదుల రోజుల నుంచీ రాళ్లతోనూ ఇసుకతోనూ గడిపిన మనిషి. విషయం తెలిసి మమ్మల్ని చూడటానికి వచ్చారు. రాతి ముక్కను వెలుతురులో అటూ ఇటూ తిప్పి, "గుమస్తాగారూ, ఇది మీ ఇంటికి ఎంత దూరం నుంచి వచ్చిందో తెలుసునా?" అన్నారు. "ఎంత దూరమండీ, ముప్పై అడుగుల పైనుంచి" అన్నాను. "కాదు, ఇరవై కిలోమీటర్ల కిందనుంచి" అన్నారు. పరాచికమాడుతున్నారనుకున్నాను.

ఆ మాట నిజమని తర్వాత తెలిసింది. మన బెజవాడ చుట్టూ ఉన్న కొండలు తూర్పు కనుమల కుటుంబంలోవి. ఈ రాయిని ఖోండలైటు అంటారు. ఒడిశా, ఆంధ్ర సరిహద్దు కొండల్లో ఉండే ఖోండు గిరిజనుల పేరు మీద ఆ పేరు పెట్టారు. కోణార్క సూర్యదేవాలయానికి ఎక్కువగా వాడింది కూడా ఖోండలైటే. దగ్గరగా పట్టుకుని చూస్తే ఇందులో దానిమ్మ గింజల్లాంటి ఎర్రని చుక్కలు కనిపిస్తాయి. అవి గార్నెట్లు. సముద్రంలోనో చెరువులోనో పేరుకున్న మామూలు బంకమన్ను వంటిది భూమి లోపలికి దిగబడి, విపరీతమైన వేడికీ ఒత్తిడికీ లోనైతే తప్ప ఇలాంటి రాయి తయారు కాదు. అంత ఒత్తిడి ఉండేది ఇరవై కిలోమీటర్లకు పైబడిన లోతులో. అదీ వంద కోట్ల సంవత్సరాలకు ముందు జరిగిన పని.

మరి అంత లోతున ఉన్న రాయి అమ్మవారి కొండ మీదికి ఎలా వచ్చింది? దాని నెత్తిమీద ఉన్న ఇరవై కిలోమీటర్ల రాయి ఎక్కడికి పోయింది?

పోయిన దసరా సెలవుల్లో మా మనవడు ఇదే ప్రశ్నను ఇంకో వైపు నుంచి అడిగాడు. బ్యారేజీ మీద నడుస్తున్నాం. "తాతయ్యా, వానకీ ఎండకీ కొండలు అరిగిపోతాయని మా పుస్తకంలో ఉంది. కోట్ల ఏళ్ల నుంచి అరుగుతుంటే ఈ కొండ ఇంకా ఎందుకుంది?" అన్నాడు. పన్నెండేళ్ల వాడికి వచ్చిన సందేహం నాకు యాభై ఏళ్ల వరకూ రాలేదు. ఈ ప్రసంగమంతా వాడికి నేను చెప్పిన జవాబే.

సూపర్‌వైజరుగారు నాకు జవాబు చెప్పింది ఏలూరు కాలువ గట్టు మీద. అప్పటికింకా కాలువల్లో అడపాదడపా సరుకు పడవలు తిరిగేవి. బస్తాలు నిండుగా వేసుకున్న పడవ అంచు దాకా నీళ్లలో మునిగి ఉండేది. హమాలీలు బస్తాలు దించే కొద్దీ పడవ పైకి లేచేది. చెక్క మీద తడి గీత కనిపించేది. "చూశారా, కొండ కూడా ఇంతే. భూమి పైపొర కింద ఉన్న బరువైన రాతి మీద తేలుతోంది. వాన బస్తాలు దించుతోంది, కొండ లేస్తోంది" అన్నారాయన.

ఆ కింది రాయి నీరులాంటి ద్రవమని అనుకోకండి. అదీ గట్టి రాయే. అయితే బాగా వేడెక్కి ఉండటం వల్ల వేల, లక్షల ఏళ్ల మీద అతి మెల్లగా జరుగుతుంది. పైపొర రాయి నీటికంటే సుమారు 2.8 రెట్లు బరువు, కింది రాయి 3.3 రెట్లు. లెక్క వేస్తే తేలేదేమిటంటే, ఒక పెద్ద ప్రాంతం మీద నుంచి ఆరు మీటర్ల మందాన రాయి కొట్టుకుపోతే, దాని కింద నేల ఇంచుమించు ఐదు మీటర్లు పైకి లేస్తుంది. నికరంగా తగ్గేది ఒక్క మీటరు.

మన భాషలో చెప్పాలంటే ఆరు రూపాయలు ఖర్చు రాస్తే ఐదు రూపాయలు కింది ఖాతా నుంచి మళ్లీ జమ పడుతున్నాయి. అందుకే నిల్వ అంత తొందరగా సున్నా కాదు. కొండ సగటున ఒక కిలోమీటరు తగ్గాలంటే ఆరు కిలోమీటర్ల రాయి పోవాలి. పోయిన కొద్దీ అడుగున ఉన్న రాయి పైకి వస్తూ ఉంటుంది. ఇరవై కిలోమీటర్ల లోతున ఉడికిన రాయి మా వంటగదికి వచ్చిన దారిలో పెద్ద భాగం ఇదే. భూమి లోపలి ఇతర కదలికల వాటా కూడా అందులో ఉంది. అయితే పైబరువు దిగకుండా ఆ రాయి ఎండ చూసేది కాదు.

ఈ సంగతి మొదట బయటపడింది మన దేశంలోనే, అదీ లెక్క కుదరక. 19వ శతాబ్దంలో దేశమంతా కొలిచిన సర్వేవారికి ఉత్తరాదిన కలియానా, కల్యాణ్‌పూర్ అనే రెండు స్థానాల మధ్య దూరం రెండు పద్ధతుల్లో రెండు రకాలుగా వచ్చింది. తేడా కోణంలో సుమారు 5 సెకన్లు. హిమాలయాలు తూకపు గుండును తమ వైపు లాగడం వల్ల ఆ తేడా వచ్చిందనుకున్నారు. కలకత్తాలో ఉన్న ప్రాట్ అనే మతాధికారి, గణితం తెలిసిన మనిషి, హిమాలయాలంత రాశి ఎంత లాగాలో లెక్క కట్టాడు. 15 సెకన్లకు పైగా వచ్చింది. అంటే కొండలు లాగవలసిన దానిలో మూడో వంతే లాగుతున్నాయి! ఆడిట్‌లో ఇంత తేడా వస్తే మనల్ని ఊరుకునేవారా?

1855లో ఇంగ్లండులో ఏరీ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు సమాధానం చెప్పాడు. కొండకు పైన ఎంత ఎత్తు ఉందో, దానికి ఎన్నో రెట్లు తేలికరాయి వేరులాగా కింద దిగి ఉంటుంది, ఆ వేరు వల్లే లాగుడు తగ్గింది అన్నాడు. ప్రాట్ వేరే విధంగా, ఎత్తయిన చోట్ల రాయే తేలికగా ఉంటుందన్నాడు. ఇద్దరి మాటల్లోనూ తేలడం అనే సూత్రం ఒకటే. మన కృష్ణ ఆనకట్ట పూర్తయినది కూడా ఆ 1855లోనే. ఒక చోట నదికి అడ్డుకట్ట వేశారు, ఇంకో చోట నదులు మోసుకుపోయే కొండల మర్మం తెలుసుకున్నారు.

బరువు దిగితే నేల లేస్తుందనడానికి కళ్లారా చూసే రుజువు స్వీడన్, ఫిన్లండు దేశాల మధ్య సముద్రతీరంలో ఉంది. అక్కడ కిలోమీటర్ల మందాన పేరుకున్న మంచు కరిగి సుమారు పది వేల ఏళ్లయింది. నేల ఈనాటికీ కొన్ని చోట్ల ఏడాదికి ఇంచుమించు ఒక సెంటీమీటరు లేస్తూనే ఉంది. మన బకాయిలు ఆలస్యమవుతున్నాయని బాధపడుతుంటాం, భూమి తన బకాయి పది వేల ఏళ్లుగా వాయిదాల మీద తీరుస్తోంది.

ఇక్కడిదాకా చెప్పింది కొండ ఎందుకు తరిగిపోలేదన్న సంగతి. అరుగుదల వల్ల శిఖరం ఉన్న ఎత్తుకంటే ఇంకా ఎత్తుకు పోతుందన్నది దీనికంటే విచిత్రమైన సంగతి. మళ్లీ పడవ దగ్గరికి రండి. బస్తాలు దించేది పడవ కడుపులోంచి. తెరచాప కొయ్యను ఎవరూ ముట్టుకోరు. పడవ లేస్తే కొయ్య కొస ఏమవుతుంది? అది కూడా పైకి పోతుంది. అలాగే నదులు శిఖరాలను వదిలి లోయలను లోతుగా కోస్తే, లోయల్లో పోయిన బరువుకు ప్రాంతమంతా లేస్తుంది, దానితోపాటు శిఖరమూ లేస్తుంది.

దీనికి తాజా ఉదాహరణ ఎవరెస్టే. నేపాల్, చైనా కలిసి 2020లో ప్రకటించిన ఎత్తు 8848.86 మీటర్లు. చుట్టుపక్కల పెద్ద శిఖరాలకంటే అది రెండు వందల మీటర్లకు పైగా ఎక్కువ. 2024లో వెలువడిన ఒక పరిశోధన ప్రకారం సుమారు 89 వేల ఏళ్ల క్రితం అరుణ్ నది కోసీ నదీ వ్యవస్థలో కలిసింది. నీరు పెరిగింది, కోత పెరిగింది, లోయ లోతైంది. కోట్ల టన్నుల రాయి పోవడంతో తేలికపడిన నేల లేచి, ఎవరెస్టు 15 నుంచి 50 మీటర్ల దాకా అదనపు ఎత్తు సంపాదించిందని వారి అంచనా. సింధునది పక్కనే లోయ కోస్తున్న నంగ పర్బత్ దగ్గర కూడా కోత, లేవడం రెండూ ఎంతో జోరుగా సాగుతున్నాయి.

ఒక హెచ్చరిక మాత్రం చెప్పాలి. కోత ఒక్కటే కొండను పుట్టించదు. హిమాలయాలను పుట్టించినది మన భూఖండం వెళ్లి ఆసియాను ఢీకొనడం. అది సుమారు ఐదు కోట్ల ఏళ్ల నాటి మాట, ఆ తోపుడు ఇంకా ఆగలేదు. కొండ లేవడం వల్ల వానలు, మంచు, కోత పెరిగాయా, కోత పెరగడం వల్ల కొండ లేచిందా అనేది విత్తు ముందా చెట్టు ముందా అన్నట్టు శాస్త్రజ్ఞులు 1990 నుంచీ గట్టిగానే వాదించుకుంటున్నారు. రెండూ ఒకదాన్నొకటి నడిపిస్తాయన్న మాటను మాత్రం ఇప్పుడు చాలామంది ఒప్పుకుంటున్నారు. మన తూర్పు కనుమలకు ఈనాడు అలాంటి తోపుడు లేదు. మనవి తీరుబడిగా అరుగుతూ, తీరుబడిగా లేచే కొండలు, మనలాగే సర్వీసు నుంచి దిగినవి.

సరే, ఖర్చు చూశాం. ఏ పద్దుకైనా రెండో వైపు ఉండాలి కదా. కొండ ఖర్చు ఎవరి ఖాతాలో జమ పడింది?

మన ఖాతాలోనే. కృష్ణమ్మ మహాబలేశ్వరం దగ్గర పడమటి కనుమల్లో పుట్టి ఇంచుమించు 1400 కిలోమీటర్లు నడిచి హంసలదీవి దగ్గర సముద్రంలో కలుస్తుంది. దారిలో మహారాష్ట్ర, కర్ణాటకల్లో ఉన్న నల్లరాతి పీఠభూమిని కడుగుతుంది. అది 6.6 కోట్ల ఏళ్ల క్రితం పారిన లావా. దివిసీమ రైతు కాలికి అంటుకునే నల్లమట్టిలో ఆ రాతి పొడి ఉంది. నది కొండకు బెజ్జం చేసుకుని సాగింది గనక బెజవాడ అయిందని మన పెద్దలు చెప్పే కథలో ఎంత చరిత్ర ఉందో నాకు తెలియదు గానీ, నది కొండను తొలుచుకుంటూ పోతుందన్న గమనిక మాత్రం అందులో ఉంది.

జమ పడిన వైపు నేల దిగుతుంది. బస్తాలు ఎక్కించిన పడవ మునిగినట్టే. కృష్ణా గోదావరి తీరంలో చమురు, గ్యాసు కోసం తవ్వినవారికి కిలోమీటర్ల కొద్దీ మందాన ఒండ్రు పొరలు తగిలాయి. అంత ఒండ్రు పట్టిందంటే, అడుగు నేల కుంగుతూ చోటిస్తూ వచ్చిందన్న మాట. డెల్టా నేల ఇప్పటికీ మెల్లగా కుంగుతూనే ఉంటుంది. ఏటేటా వరద తెచ్చే కొత్త ఒండ్రు ఆ లోటును పూడుస్తూ ఉండాలి.

ఆ పూడ్చడం ఇప్పుడు ఆగింది. నేను సర్వీసులో ఉండగా చూసిన అంకెలే చెబుతాను. శ్రీశైలం జలాశయం సామర్థ్యం మొదట సుమారు 308 టీఎంసీలు. తర్వాతి సర్వేల్లో సుమారు 216కు దిగింది. నాగార్జునసాగర్ 408 నుంచి 312కు వచ్చింది. శ్రీశైలంలో తగ్గిన 92 టీఎంసీలంటే 260 కోట్ల ఘనపు మీటర్లు. అదంతా ఒండ్రే అనుకుని, పైనున్న సుమారు 2 లక్షల చదరపు కిలోమీటర్ల పరీవాహక ప్రాంతం మీద పరిస్తే, అర అంగుళం మందం వస్తుంది. కొన్ని దశాబ్దాల్లోనే అంత పెద్ద దేశం మీద నుంచి అర అంగుళం నేల కడిగి ఒక్క చోట కుప్పపోసింది నది!

కుప్ప అక్కడే ఉండిపోతే కింద మన సంగతేమిటి? 2010లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం డెల్టాకు చేరే ఒండ్రు 1960ల చివర ఏడాదికి 90 లక్షల టన్నులు ఉండేది, 2000 నుంచి 2005 మధ్య 4 లక్షల టన్నులకు పడిపోయింది. నది ముఖద్వారాల దగ్గర సముద్రం లోపలికి వస్తోంది. ఆనకట్టలు అక్కర్లేదని నేను అనడం లేదు. వాటి నీళ్లతో పండిన అన్నం తిని పెరిగాం, వాటి పద్దులు రాసి జీతం తీసుకున్నాం. కానీ మనం రాసిన అంచనాల్లో సిమెంటుకు ఒక పద్దు, ఇనుముకు ఒక పద్దు ఉండేవి. డెల్టాకు చేరకుండా ఆగిపోయే మట్టికి పద్దు నేను ఎక్కడా చూడలేదు. నేనూ అడగలేదు.

చివరిగా మళ్లీ కొండవారకు వద్దాం. ఇదంతా విని, కొండ ఎలాగూ లేస్తుంది గదా, కాస్త తవ్వుకుంటే ఏం పోయిందని ఎవరైనా అనుకోవచ్చు. అక్కడే పొరపాటు. భూమి పైపొర గట్టి పలక లాంటిది. వందల కిలోమీటర్ల మేర బరువు దిగితేనే అది కదులుతుంది. ఒక్క కొండను లారీల కొద్దీ తరలిస్తే ఆ కొండ లేవదు, పోతుంది. పైగా లేవడం ఏడాదికి వెంట్రుక మందం లెక్క. పొక్లెయిను పని ఒక పూట.

2024 ఆగస్టు 31న మొగల్రాజపురంలో కొండచరియ ఇళ్ల మీద పడి ప్రాణాలు పోయాయి. మర్నాడే బుడమేరు సింగ్‌నగర్ను ముంచింది. ఈ సభలో ఉన్నవారిలో ఎందరో ఆ రోజుల్లో మేడ మీద గడిపారు. నీరు తీశాక ఇంట్లో మిగిలిన బురద పారలతో ఎత్తిపోశారు. బుడమేరు పుట్టేది మైలవరం వైపు కొండల్లో. అంటే మీరు ఎత్తిపోసిన బురదలో కొండ కూడా ఉంది. కొండ అరగడమూ, వాగు మట్టి తేవడమూ మనం ఆపగలిగేవి కావు. వాగు దారిలోనూ, చెక్కిన వాలు కిందా ఇల్లు కట్టుకోవడం మాత్రం మన చేతిలో ఉన్న పని.

1976లో ఆ వాలు చెక్కుతున్నప్పుడు నేను అడ్డు చెప్పలేదు. అద్దె పది రూపాయలు తక్కువని ఊరుకున్నాను. పాలవాడు రెండు నిమిషాలు ఆలస్యంగా వచ్చి ఉంటే ఆ పొదుపు నాకు ఎంతకు పడేదో తలచుకుంటే ఇప్పటికీ కాళ్లు వణుకుతాయి. మీ పిల్లలో, మనవలో కొండవార స్థలం చవగ్గా వస్తోందంటే, వెనకవైపు వాలు ఎలా ఉందో, వాన నీరు ఎటు పోతోందో ఒక్కసారి మీరు వెళ్లి చూడండి. మన మాటకు ఆ పాటి విలువ ఇంకా ఉంది.

ఈ రాయిని ఇప్పుడు మొదటి వరస నుంచి అందిస్తున్నాను. ఒకరి నుంచి ఒకరికి ఇచ్చి, ఎర్రటి గింజలు వెలుతురులో చూడండి. వంద కోట్ల ఏళ్లకు పైబడినది, జాగ్రత్తగా పట్టుకోండి. ఆఖరి వరసలో మా మనవడు కూర్చున్నాడు, వాడికి చేర్చండి. ఇకమీదట అది వాడి దగ్గరే ఉంటుంది.